మన పేరు పక్కన గీత

(ఇంగ్లండ్‌లోని బెర్క్‌షైర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఉగాది సభలో ఒక గృహిణి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఉగాది శుభాకాంక్షలు.

ఇప్పుడే సిద్ధాంతిగారు పన్నెండు రాశులకూ ఆదాయ వ్యయాలు చదివారు. ఎవరి రాశి వచ్చినప్పుడు వాళ్లు చెవులు రిక్కించి విన్నారు. నేనూ విన్నాను. నేను మాట్లాడబోయేది కూడా ఆదాయ వ్యయాల గురించే. మనం ఉంటున్న బరో కౌన్సిల్‌కి, అంటే మనూళ్లో మున్సిపాలిటీ లాంటిదానికి, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎటు పోతోంది, దాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న సంగతి.

మార్చిలో మీ అందరి ఇళ్లకూ కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, అదే ఇంటి పన్ను లాంటిది, వచ్చే ఉంటుంది. అది చూసి గొణుక్కోనివాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? లేరు కదా. సరే, పోయిన కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఇక్కడ ముందు ఏడెనిమిది, వెనక వరసల్లో ఇంకో నాలుగు. హాల్లో రెండొందల మందికి తక్కువ లేం. దించండి, దించండి. ఎత్తనివాళ్లను తప్పుపట్టడానికి అడగలేదు. ఈ దేశం వచ్చాక చాలా ఏళ్లు నేనూ ఎత్తని చేతుల్లోనే ఉన్నాను.

నేను 2006లో తెనాలి నుంచి వచ్చాను. ఆయనది ఐటీ ఉద్యోగం, నాది డిపెండెంట్ వీసా. వచ్చిన కొత్తలో కౌన్సిల్ నుంచి ఒక కవరొచ్చింది. ఇంట్లో ఓటు హక్కు ఉన్నవాళ్ల పేర్లు రాసి పంపమని అందులో ఫారం. మనం ఇండియన్ పాస్‌పోర్టువాళ్లం, మనకెందుకని మావారు దాన్ని పక్కన పడేశారు. నాకూ అదే సబబనిపించింది. పరాయి దేశం, పరాయి ఎన్నిక, లేనిపోని తలనొప్పి, వీసాకి ఏమైనా అడ్డొస్తుందేమో అన్న భయం ఒకటి. ఈ భయం ఇవాళ్టికీ మనవాళ్లలో ఉంది. ఫోన్లు చేసి మరీ అడుగుతుంటారు.

కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేద్దాం. మీరు ఇండియన్ పౌరులే అయినా, చట్టబద్ధమైన వీసాతో ఇక్కడ ఉంటుంటే ఇంగ్లండ్‌లో ఓటేసే హక్కు మీకుంది. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా, కేర్ వీసా, డిపెండెంట్ వీసా, ఏదైనా సరే. ఎందుకంటే ఇండియా కామన్వెల్త్ దేశం. సామ్రాజ్యంలో అందరూ రాజుగారి ప్రజలే అనుకున్న కాలం నుంచి మిగిలొచ్చిన హక్కు ఇది. సామ్రాజ్యం పోయింది, ఈ హక్కు మాత్రం చట్టంలో ఉండిపోయింది. అమెరికాలో మన చుట్టాలకు గ్రీన్‌కార్డు వచ్చినా అక్కడి కాంగ్రెస్‌కు, అంటే వాళ్ల పార్లమెంటుకు, ఓటెయ్యలేరు. ఇక్కడ నిన్న దిగిన ఎం.ఎస్.సి. పిల్ల కూడా పేరు నమోదు చేసుకుంటే కౌన్సిల్‌కీ ఓటేయొచ్చు, పార్లమెంటుకీ వేయొచ్చు. దీనివల్ల వీసాకి ఏ ఇబ్బందీ రాదు, మీ ఇండియన్ పౌరసత్వానికీ ఏమీ కాదు. ఇంకో మాట. క్రెడిట్ స్కోరు చూసేవాళ్లు ఓటర్ల జాబితా కూడా చూస్తారు. ఫోను కాంట్రాక్టు దగ్గర్నుంచి ఇంటి లోను దాకా అది పనికొస్తుంది.

ఇక నా కళ్లు తెరుచుకున్న రోజు సంగతి చెబుతాను.

మా పెద్దాడి స్కూలు ముందు రోడ్డు చాలా రద్దీగా ఉండేది. పొద్దున పూట పిల్లల్ని దాటించాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. మేం అప్పుడు ఉన్న బరో పేరు చెప్పను, అవసరం లేదు. అమ్మలం పదిహేను మందిమి కలిసి జీబ్రా క్రాసింగ్ కావాలని అర్జీ పెట్టాం. రెండేళ్లు తిరిగాం. ప్రతిసారీ మర్యాదగా జవాబొచ్చేది, పని మాత్రం జరగలేదు. కౌన్సిలర్లు జనాన్ని కలిసే రోజును ఇక్కడ సర్జరీ అంటారు. శనివారం పూట లైబ్రరీలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటారు, ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. అక్కడికి రెండుసార్లు వెళ్లాను. అక్కడ కూర్చున్న మహిళా కౌన్సిలర్ ఓపిగ్గా విని, రాసుకుని, చివర్లో ఒక మాటంది. నాకు సాయం చేయాలనుంటే ఎన్నికలప్పుడు మా వీధుల్లో కరపత్రాలు పంచండి, మీ భాషవాళ్ల ఇళ్లు నాకు తెలియవు అంది.

అలా వెళ్లాను. ఏ పార్టీ అని అడక్కండి, ఈ వేదిక అందుకు కాదు. మొదటిరోజు చేతికి ఒక క్లిప్‌బోర్డు, దానికి మా వీధి జాబితా ఇచ్చారు. ఇక్కడ పోలింగ్ బూత్‌లో మీరు పేరు చెప్పగానే గుమాస్తా పెన్సిల్‌తో మీ పేరు పక్కన గీత పెడతాడు. ఎన్నికలయ్యాక ఆ గీతలు పెట్టిన జాబితా నకలు పార్టీలు డబ్బు కట్టి తీసుకోవచ్చు. మీరు ఎవరికి వేశారన్నది ఎవరికీ తెలియదు, తెలియకూడదు. మీరు వేశారా లేదా అన్నది మాత్రం అందులో ఉంటుంది. ఆ జాబితా చూసుకునే పార్టీవాళ్లు ఏ తలుపు కొట్టాలో తేల్చుకుంటారు.

మా వీధి జాబితా పై నుంచి కిందకు చూశాను. ఇంగ్లిషు పేర్లు, పంజాబీ పేర్లు, పోలిష్ పేర్లు. పక్కన గుర్తులు, కొన్నిటికి వరుసగా మూడు ఎన్నికల గుర్తులు. మధ్యలో మన పేర్లు. రావులు, రెడ్లు, లక్ష్ములు, శ్రీనివాసులు. మా పేర్లు కూడా ఉన్నాయి. అప్పటికి ఏడాది క్రితమే ఎవరో స్నేహితులు చెబితే నమోదు చేసుకున్నాం, ఓటెయ్యడానికి మాత్రం వెళ్లలేదు. మన పేర్ల పక్కన ఎక్కడా ఒక్క గుర్తు లేదు. అంతా తెల్లగా ఉంది.

నాతో వచ్చిన పెద్దాయన డెబ్భై ఏళ్ల మనిషి, నలభై ఏళ్లుగా తలుపులు కొడుతున్నాడు. నేను మన ఇళ్లవైపు అడుగేస్తుంటే ఆపాడు. ఆ ఇల్లు వదిలెయ్యమ్మా, వాళ్లు ఎప్పుడూ వెయ్యరు, అక్కడికి వెళితే టైం దండగ అన్నాడు. ఏ చెడ్డ ఉద్దేశంతోనూ అనలేదు. చేతిలో ఉన్న కాగితం చెప్పిందే చెప్పాడు. ఆయన చూపించిన ఇల్లు మాదే.

రెండేళ్లు అర్జీలు పట్టుకుని ఎందుకు తిరిగానో అప్పుడు అర్థమైంది. మేం పదిహేను మంది అమ్మలం, మాలో పదకొండు మంది పేర్ల పక్కన గీతలు లేవు. ఓట్లు అడిగేవాడు మా గుమ్మం దాకా రాడు. గుమ్మం దాకా రానివాడికి మా పిల్లలు దాటే రోడ్డు ఎలా కనిపిస్తుంది?

కౌన్సిల్ అంటే చెత్తబుట్టలే కదా అనుకుంటాం. చెత్త వాళ్లదే, నిజమే. నీలం బిన్ను ఏ వారం, ఆకుపచ్చ బిన్ను ఏ వారం అని ఫ్రిజ్ మీద కాగితం అంటించుకుంటాం. కానీ కౌన్సిల్ డబ్బులో చెత్తకి పోయేది చిన్న భాగం. మనలాంటి బరోల్లో సగానికి పైనే ముసలివాళ్ల సంరక్షణకీ, వికలాంగులకీ, తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పిల్లలకీ పోతుంది. ఈ హాల్లో కేర్ వర్కర్లుగా పనిచేసేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. మీ కేర్ హోమ్‌కి వారానికి ఇంత అని కట్టేవాళ్లలో కౌన్సిల్ ఒకటి. మీ జీతం పెరగదంటే దాని వెనక కౌన్సిల్ బడ్జెట్ కూడా ఒక కారణం. స్కూలు సీటు దరఖాస్తు కౌన్సిల్‌కే. పక్కింటివాళ్లు వెనక గది పెంచుకోవాలంటే అనుమతి కౌన్సిల్‌దే. మన పిల్లలు శనివారం తెలుగు క్లాసు పెట్టుకునే కమ్యూనిటీ హాలు అద్దె చాలాచోట్ల కౌన్సిలే నిర్ణయిస్తుంది. లైబ్రరీ, పార్కు, పార్కింగ్ పర్మిట్, గుంతలు పడ్డ రోడ్డు, అన్నీ అక్కడే.

ఈ డబ్బు వసూలుచేసే పద్ధతి కూడా విచిత్రంగా ఉంటుంది. కౌన్సిల్ ట్యాక్స్ ‘ఏ’ నుంచి ‘హెచ్’ దాకా ఎనిమిది బ్యాండ్లు. మీ ఇల్లు ఏ బ్యాండ్ అన్నది 1991 ఏప్రిల్ 1న దాని ధరను బట్టి. మీ ఇల్లు పదేళ్ల క్రితం కట్టిందైనా సరే, 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో లెక్కగట్టి బ్యాండ్ వేస్తారు. ముప్పై ఏళ్లు దాటినా ఇంగ్లండ్‌లో ఆ లెక్క మార్చే ధైర్యం ఏ ప్రభుత్వానికీ రాలేదు.

కౌన్సిల్ లెక్క తప్పితే ఏమవుతుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. మన పక్కన స్లావ్ ఉంది. హీత్రూ పక్క ఊరు, మనలో సగం మంది ఏదో ఒకప్పుడు అక్కడ అద్దెకున్నవాళ్లమే. 1938లో బరో హోదా వచ్చింది. ఒకప్పుడు బకింగమ్‌షైర్‌లో ఉండేది, 1974లో మన బెర్క్‌షైర్‌లోకి వచ్చింది. జనంలో దాదాపు సగం మంది ఆసియా మూలాలవాళ్లు. 2021 జూలైలో ఆ కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. అంటే ఖర్చుకు తగ్గ డబ్బు లేదని, చట్టప్రకారం తప్పనిసరైనవి తప్ప కొత్త ఖర్చు ఏదీ పెట్టకూడదని ఆర్థికాధికారి ప్రకటించడం. పేపర్లు దివాలా అని రాశాయి. చట్టంలో కౌన్సిల్‌కి దివాలా అన్నది లేదు, కానీ ఇంటి ముందు నిలబడి చూసేవాడికి తేడా ఏముంటుంది? అప్పు సుమారు 76 కోట్ల పౌండ్లు. ఆ డిసెంబరులో ప్రభుత్వం కమిషనర్లను పంపింది. ఆస్తులు అమ్మకానికి పెట్టారు.

మామూలుగా ఇప్పుడు ఇలాంటి కౌన్సిళ్లు పన్నును ఏడాదికి 5 శాతం పెంచాలంటేనే రెఫరెండం పెట్టి జనాన్ని అడగాలి. అందుకే అందరూ 4.99 దగ్గర ఆపుతారు. స్లావ్‌కి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో అక్కడివాళ్ల కౌన్సిల్ ట్యాక్స్ ఒక్కసారిగా 9.99 శాతం పెరిగింది. అదే ఏడాది లండన్‌లోని క్రోయ్‌డన్ బరోలో 14.99 శాతం. అక్కడ 2020 నవంబరులోనే సెక్షన్ 114 పడింది. ఆ అప్పులు చేసిన సమావేశాల్లో మనం లేం, ఓటెయ్యలేదు కాబట్టి మన తరఫున అడిగినవాళ్లూ లేరు. బిల్లు మాత్రం ఓటేసినవాళ్లకీ వెయ్యనివాళ్లకీ ఒకేలా వచ్చింది.

2023 మే 4న స్లావ్‌లో మొత్తం 42 సీట్లకూ ఎన్నిక జరిగింది. అంతకుముందు మనలాగే విడతలవారీగా, మూడోవంతు సీట్లకు జరిగేది. 2008 నుంచి లేబర్ పార్టీ చేతిలో ఉన్న కౌన్సిల్ అది. ఫలితం కన్జర్వేటివ్‌లకు 21, లేబర్‌కు 18, లిబరల్ డెమొక్రాట్లకు 3. నలభై రెండులో ఇరవై ఒకటి, సరిగ్గా సగం. మెజారిటీకి ఒక్క సీటు తక్కువ. ఒక వార్డులో పాతిక ముప్పై మంది ఇటు కాకుండా అటు వేస్తే బరో మొత్తం లెక్క మారిపోయే పరిస్థితి. ఇలాంటివి అరుదు అనుకోకండి. 2017లో నార్తంబర్లండ్ కౌంటీలో కన్జర్వేటివ్‌లకు 67 సీట్లలో 33 వచ్చాయి. 34వ సీటు సౌత్ బ్లైత్‌లో ఇద్దరికి సమానంగా ఓట్లు పడ్డాయి. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ సమానమే. చివరికి ఇద్దరి చేతా స్ట్రాలు లాగించారు. లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థి గెలిచారు, కన్జర్వేటివ్‌లు మెజారిటీకి ఒక్కటి తక్కువై ఆగిపోయారు. ఆ వార్డులో ఒక్క మనిషి పొద్దున లేచి వెళ్లి ఓటేసుంటే స్ట్రాల అవసరమే లేదు.

స్లావ్ గురించి ఇంకో కథ చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టమైన కథ, కాస్త బాధపెట్టే కథ కూడా. లిడియా సిమన్స్ అని కరీబియన్ దీవి మాంట్సెరాట్ నుంచి వచ్చిన మహిళ. 1984లో స్లావ్ మేయర్ అయ్యారు. బ్రిటన్‌లో మేయరైన తొలి నల్లజాతి మహిళ అని ఆవిడ గురించి చెబుతారు. 2007 మేలో సెంట్రల్ వార్డులో ఆవిడ 120 ఓట్లతో ఓడిపోయారు. ఓడిపోయినవాళ్లు నిట్టూర్చి ఇంటికి పోవడం మామూలు. ఆవిడ వెళ్లలేదు. ఓటర్ల జాబితాలో ఆఖరి రోజుల్లో చేరిన పేర్లలో ఏదో తేడా ఉందని వాళ్లవాళ్లు పట్టుకున్నారు. ఆ చిరునామాలకు వెళ్లి చూస్తే ఆ పేరుగల మనుషులే లేరు. మనుషులు లేని ఇళ్ల నుంచి పోస్టల్ ఓట్లు పడ్డాయి. ఆవిడ కోర్టుకెళ్లారు. 2008లో ఎన్నికల కోర్టు ఆ ఎన్నిక చెల్లదని తీర్పిచ్చింది, గెలిచినాయన తర్వాత జైలుకు వెళ్లాడు.

ఆ రోజుల్లో ఇంటికొక ఫారం వచ్చేది, నేను మొదట చెప్పానే, మావారు పక్కన పడేసిన ఫారం, అలాంటిదే. ఇంట్లో ఒకరు అందరి పేర్లూ రాసి పంపితే సరిపోయేది. ఎవరూ సరిచూసేవారు కాదు. 2014 నుంచి ఎవరికి వాళ్లే నమోదు చేసుకోవాలి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. నంబరు ఎందుకు అడుగుతున్నారని చిరాకుపడకండి. స్లావ్‌లో జరిగినట్లు జరిగినందుకే అడుగుతున్నారు.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి కుండబద్దలు కొట్టినట్లు చెప్పాలి, పెద్దలు ఏమీ అనుకోవద్దు. పోస్టల్ ఓట్లు ఇంటికొచ్చాక అన్ని కవర్లూ ఒకళ్లే తీసుకుని నింపేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. భార్యది భర్త, అత్తగారిది కొడుకు. ప్రేమతోనే చేస్తారు, వాళ్లకి ఇంగ్లిషు ఇబ్బందని చేస్తారు. అది నేరం. మీ ఆవిడ ఓటు మీ ఆవిడది. ఆవిడ ఎవరికి వేసిందో అడిగే హక్కు కూడా మీకు లేదు, ఆవిడ చెబితే వినండి, చెప్పకపోతే ఊరుకోండి. అక్కలకు చెబుతున్నాను, డిపెండెంట్ వీసా అని రాసినంత మాత్రాన ఓటు కూడా డిపెండెంట్ అయిపోదు. ఆ జాబితాలో నా పేరు నా పేరుగా ఉంది, ఫలానావారి భార్య అని లేదు. ఈ దేశంలో నా పేరు అలా ఒంటరిగా నిలబడ్డ మొదటి కాగితాల్లో అదొకటి.

మన ముందు ఎవరూ ఈ దారి నడవలేదనుకోకండి. వి.కె. కృష్ణమీనన్ అంటే మనకు 1962 చైనా యుద్ధం సమయంలో రాజీనామా చేసిన రక్షణమంత్రిగానే తెలుసు. ఆయన అంతకుముందు 1934 నుంచి 1947 దాకా లండన్‌లో సెయింట్ పాంక్రస్ బరో కౌన్సిలర్. ఇప్పుడది క్యామ్‌డెన్ బరోలో కలిసిపోయింది. ఒక పక్క ఇండియా లీగ్ నడుపుతూ స్వాతంత్ర్యం కోసం సభలు, ఇంకో పక్క తన వార్డు జనం చెత్త, ఇళ్లు, లైబ్రరీలు. లైబ్రరీల కోసం ఆయన చాలా పట్టుదలగా పనిచేశారు, పుస్తకం మామూలు మనిషి చేతికి అందాలన్నది ఆయన పిచ్చి. దేశం మనది కాదు, మనల్ని ఏలుతున్నవాళ్లది, అలాంటి చోట నిలబడి మీ వీధి లైబ్రరీ బాగుండాలి అని కొట్లాడాడంటే ఆలోచించండి. 1955లో ఆ బరో ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. మనం తలవంచుకుని ట్యాక్స్ కట్టేసి, పక్కకు తప్పుకుని నడవాల్సిన అవసరం ఏముంది?

ఇప్పుడు ఎలా వేయాలో చెబుతాను, ఎందుకంటే చాలామంది వెళ్లకపోవడానికి కారణం తెలియకపోవడమే. అక్కడ ఏం అడుగుతారో, తప్పు చేస్తే ఏమంటారో అని టెన్షన్.

కౌన్సిల్ ఎన్నిక మామూలుగా మే మొదటి గురువారం. సెలవు ఉండదు. పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా. చర్చి హాలు, స్కూలు, ఒక్కోచోట పబ్బు కూడా పోలింగ్ స్టేషన్ అవుతుంది. మనూళ్లోలాగా మైకులుండవు, ఆటోలుండవు, పోలీసుల హడావుడి ఉండదు. అంత నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టే ఆ రోజు ఎన్నిక అని మనకు తెలియకుండా పోతుంది. గుమ్మం బయట చొక్కాకి పార్టీ రంగు రిబ్బను పువ్వు పెట్టుకుని ఎవరైనా కూర్చుని మీ నంబరు అడగొచ్చు. వాళ్లను టెల్లర్లు అంటారు, ఎవరు ఓటేసి వెళ్లారో రాసుకునే పార్టీ మనుషులు. ఇష్టముంటే చెప్పండి, లేకపోతే నవ్వి వెళ్లిపోండి, చెప్పి తీరాలని లేదు.

2023 నుంచి ఫొటో గుర్తింపు చూపించాలి. ఇండియన్ పాస్‌పోర్టు పనికొస్తుంది, ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు కూడా సరే. గుర్తింపు కార్డేదీ లేనివాళ్లకు కౌన్సిల్ ఉచితంగా ఒక సర్టిఫికెట్ ఇస్తుంది, ముందే దరఖాస్తు చేసుకోవాలి. ఆ మొదటి ఏడాది ఇంగ్లండ్‌లో దాదాపు 14,000 మంది పోలింగ్ స్టేషన్ దాకా వెళ్లి, కార్డు లేక ఓటెయ్యకుండా తిరిగొచ్చారు. మీరు వాళ్లలో ఉండకూడదు. పేరు నమోదుకు గడువు ఎన్నికకు 12 పనిదినాల ముందు ముగుస్తుంది. ఈ సభ అయిపోయి ఇంటికెళ్లగానే చేస్తే బోలెడు టైముంది. మే నెల వచ్చాక గుర్తొస్తే ఆ ఏడాదికి అంతే.

లోపల మిషన్లు ఉండవు. కాగితం, దారంతో కట్టిన చిన్న పెన్సిలు. పెన్సిలు మీద నమ్మకం లేకపోతే మీ పెన్ను తీసుకెళ్లండి, ఎవరూ ఏమీ అనరు. మీకు కావాల్సిన అభ్యర్థి పేరుకెదురుగా ఇంటూ గుర్తు పెట్టాలి. ఇది మనవాళ్లకు చాలా తికమక పెడుతుంది. మన బళ్లో ఇంటూ అంటే తప్పు, టిక్కు అంటే ఒప్పు. ఒకావిడ అక్కరలేని నలుగురికీ ఇంటూలు పెట్టి, కావాల్సినాయన్ని ఖాళీగా వదిలేశానని ఇంటికొచ్చాక నాతో చెప్పింది. పాపం, ఆ ఓటు చెల్లదు. ఇక్కడ ఇంటూ అంటే ఇతనే కావాలి అని. మర్చిపోయి టిక్కు పెట్టినా, మీ ఉద్దేశం స్పష్టంగా ఉంటే లెక్కలోకి తీసుకుంటారు. ఒక వార్డులో ఇద్దరినో ముగ్గురినో ఎన్నుకోవాల్సి వస్తే అన్ని ఇంటూలు పెట్టొచ్చు. ఎన్ని పెట్టొచ్చో కాగితం పైనే రాసి ఉంటుంది.

ఓటెయ్యడంతో ఆగక్కర్లేదు. కరపత్రాలు పంచడానికి రండి. ఏ పార్టీకైనా సరే, మీకు నచ్చినదానికి. ఇక్కడి తలుపులకు ఉండే లెటర్ బాక్సులు కొన్ని ఎంత బిగుతుగా ఉంటాయంటే వేళ్లు నలిగిపోతాయి, లోపల కుక్క ఉంటే ఇంకా కష్టం. పాత కార్యకర్తలు చెక్క గరిటె పట్టుకొస్తారు, కాగితం దానికి చుట్టి లోపలికి నెడతారు. నేను మా అమ్మ పంపిన చెక్క అట్లకాడ తీసుకెళ్తాను. పధ్నాలుగు వీధులు తిరిగింది అది. అంచు అరిగిపోయింది, ఇప్పుడు దోసెలకి పనికిరాదు.

నిలబడాలనుకునేవాళ్లకు కూడా ఒక మాట. శాశ్వత నివాసం వచ్చినవాళ్లు, బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, పద్దెనిమిదేళ్లు నిండి ఈ బరోలో ఓటరుగా ఉంటే, లేదా ఏడాదిగా ఇక్కడ ఉంటున్నా, పనిచేస్తున్నా పోటీ చేయొచ్చు. డిపాజిట్ కట్టక్కర్లేదు. నామినేషన్‌కి ఇద్దరు ఓటర్ల సంతకాలు చాలు. ఖర్చుకి చట్టం గట్టి పరిమితి పెట్టింది, మనూళ్లో ఒక వార్డు మెంబరు ఒక్కరోజు భోజనాలకు పెట్టినంత కూడా ఉండదు. కావాల్సింది కాళ్లు, ఓపిక.

మా క్రాసింగ్ ఏమైందని అడుగుతారు. జీబ్రా క్రాసింగ్ రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. కానీ మేం ఓటెయ్యడం మొదలుపెట్టిన రెండో ఎన్నికకు రెండు పార్టీల కరపత్రాల్లోనూ ఆ స్కూలు రోడ్డు పేరొచ్చింది. ఆ మరుసటి ఏడాది 20 మైళ్ల వేగం బోర్డులు పెట్టారు, పొద్దున దాటించడానికి లాలీపాప్ లేడీని వేశారు. పసుపుపచ్చ కోటు, చేతిలో గుండ్రటి బోర్డు. మా పెద్దాడు అప్పటికే హైస్కూలుకి వెళ్లిపోయాడు. చిన్నది ఆవిడ చేయి పట్టుకుని దాటింది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని వెనక నుంచి సైగ చేస్తున్నారు.

2024 మే 2. రాత్రి పదికి ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను చర్చి హాలు బయట కుర్చీలో టెల్లర్‌గా కూర్చున్నాను. చలి, సన్నగా తుంపర. గంట నుంచి పట్టుమని పదిమంది రాలేదు. బస్టాపు వైపు నుంచి ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ వస్తోంది. కేర్ హోమ్ యూనిఫాం, పైన జాకెట్టు, మెడలో ఇంకా ఐడీ కార్డు వేలాడుతోంది. పన్నెండు గంటల షిఫ్టు దిగి వస్తోంది. ఆయాసపడుతూ ఇంగ్లిషులో టైమైపోయిందా అని అడిగింది. చేతిలో నీలం ఇండియన్ పాస్‌పోర్టు చూసి తెలుగులో చెప్పాను, ఇంకా ఉందమ్మా, పది కొట్టేసరికి నువ్వు లైన్లో నిలబడి ఉంటే చాలు, నీకు ఓటు ఇచ్చి తీరాలి, నిదానంగా వెళ్లు అని. తెలుగు వినగానే ఆ పిల్ల ముఖం చూడాలి. ఖమ్మం దగ్గర పల్లెటూరట.

మూడు నిమిషాల్లో బయటికొచ్చింది. కుడిచేయి లైటు కిందకు చాచి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

“అక్కా, ఇక్కడ వేలికి సిరా పెట్టరా?”

పెట్టరమ్మా అన్నాను.

“మా నాన్నకి ఫొటో పంపుదామనుకున్నా. నాకు ఇదే మొదటి ఓటు. అక్కడ ఓటు వచ్చే వయసుకి ఇక్కడికి వచ్చేశా.”

గోడకి పోలింగ్ స్టేషన్ అని రాసిన తెల్లబోర్డు తగిలించి ఉంది. దాని పక్కన నిలబెట్టి, సిరా లేకపోయినా ఆ వేలు పైకెత్తించి, ఆమె ఫోనుతోనే రెండు ఫొటోలు తీశాను. మొదటిదాంట్లో కళ్లు మూసుకుంది. రెండోది బాగా వచ్చింది. ఈలోగా బస్సొచ్చింది, అది తప్పితే మళ్లీ నలభై నిమిషాలు. థాంక్స్ అక్కా అంటూ పరుగెత్తింది. లోపల ఆమె పేరు పక్కన అప్పటికే గీత పడిపోయింది.

నమస్కారం.